ఇల్లు మారినా... కాపురం ఆగకూడదు!

కొత్త విండోస్‌ వచ్చిందంటే అందరి చూపూ దాని సోకుల మీదే. రంగులు మారాయి, మూలలు గుండ్రంగా అయ్యాయి, మెనూ పక్కకు జరిగింది... ఇవే కబుర్లు. ఆ సోకుల వెనకాల ఎవరికీ కనిపించని పని ఇంకొకటుంది. నిన్నటిదాకా నడిచిన పాత ప్రోగ్రాము ఈరోజూ నడవాలి. దాన్నే నమ్ముకున్నవాళ్ల చేతిలో పని ఆగకూడదు. కంప్యూటర్‌ తెరను కొత్తగా తీర్చిదిద్దేవాళ్లకు అసలు పరీక్ష అదే!

మాఘమాసం. ముహూర్తాల రోజులు. బస్టాండు దగ్గర్లో ఉండే ఓ డీటీపీ సెంటర్లోకి తొంగిచూడండి. శుభలేఖల కోసం వచ్చినవాళ్లు బెంచీ మీద వరసగా కూర్చుని ఉంటారు. లోపల బల్ల మీద రెండు కంప్యూటర్లు. ఒకటి నిన్నగాక మొన్న కొన్నది. పల్చటి తెర, నిగనిగలాడే కీబోర్డు. రెండోది మాత్రం దుమ్ముకొట్టుకుపోయి ఉంటుంది. తెర కింద నీలం పట్టీ, మూలన ఆకుపచ్చ స్టార్ట్‌ బటన్‌... అంటే విండోస్‌ ఎక్స్‌పీ! ఇలాంటి దృశ్యం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

''కొత్తది పక్కనే పెట్టుకుని ఆ పాతదాంతో కుస్తీ ఎందుకు బాబూ?'' బెంచీ మీది పెద్దాయనకు సందేహం.

''పేజ్‌మేకరూ, తెలుగు ఫాంట్లూ అన్నీ దీంట్లోనే ఉన్నాయండీ. ఇరవై ఏళ్ల మేటరుంది. పెళ్లిళ్ల సీజన్లో ప్రయోగాలు చేస్తే నా పని అయిపోయినట్టే!'' తల తిప్పకుండానే జవాబు.

ఆ కుర్రాడికి కొత్తదంటే పడక కాదు. భయం. కొత్త కంప్యూటర్‌ అందంగానే ఉంటుంది. కానీ తన పాత ప్రోగ్రాము అందులో నడుస్తుందా? నడిచినా పొల్లులూ వత్తులూ ఎగిరిపోకుండా ఉంటాయా? ముహూర్తం రేపుందంటే ఆ ప్రశ్నకు 'చూద్దాంలే' అనే జవాబు కుదరదు.

ఒక్క డీటీపీ సెంటరే కాదు. బిల్లులు కొట్టే హోల్‌సేల్‌ కొట్టు, రిపోర్టులు తీసే ల్యాబు, పదేళ్ల లెక్కలు దాచుకున్న ఆడిటరు గారి ఆఫీసు... ఎవరి దగ్గరైనా ఇలాంటి పాత ప్రోగ్రాము ఒకటి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌ వాళ్లు దీన్ని ముద్దుగా 'లెగసీ' అంటారు. అంటే వారసత్వం. మన ఇళ్లలో వారసత్వంగా ఆస్తీ వస్తుంది, అప్పూ వస్తుంది. ఇక్కడా అంతే!

గోడ తీస్తే... గడియారం?

తెర రూపం మారితే పాత ప్రోగ్రాముకు వచ్చిన ఇబ్బందేమిటి? ఇదీ చాలామందికి వచ్చే అనుమానం.

మీరు కంప్యూటర్లో చూసే బటన్లూ, జాబితాలూ, మెనూలూ చాలావరకూ ఆ ప్రోగ్రాము సొంతంగా గీసుకున్నవి కావు. ''ఇక్కడో బటన్‌ పెట్టు, అక్కడో పెట్టె చూపించు'' అని అది ఆపరేటింగ్‌ సిస్టమ్‌ను అడుగుతుంది. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ గీసి ఇస్తుంది. ఒక విధంగా ఇంటి ఓనరూ, అద్దెకున్నవాళ్లూ అన్నమాట. నీళ్లెప్పుడొస్తాయి, కరెంటు మీటరెవరిది అన్న విషయాలకు ఇద్దరి మధ్యా రాతకోతలుంటాయి. కానీ అద్దెకున్నవాళ్లు అగ్రిమెంటులో లేనివీ కొన్ని అలవాటు చేసుకుంటారు. ఆ గోడకో మేకు కొట్టి గడియారం తగిలిస్తారు. ఈ కిటికీ ఊచకు బట్టల తాడు కడతారు. ఓనరు వచ్చి, ''ఈ గోడ అడ్డంగా ఉంది, తీసేస్తున్నా'' అంటే తప్పు ఆయనది కాదు. కానీ గడియారం మాత్రం కింద పడుతుంది!

ప్రోగ్రాములు రాసేవాళ్లూ ఇలాగే మేకులు కొడతారు. బటన్‌ ఫలానా కొలతలోనే ఉంటుందని లెక్కేసుకుంటారు. మెనూ ఫలానా చోటే ఉంటుందని నమ్ముతారు. ఫలానా పేరుతో పిలిస్తే తెర పలుకుతుందని రాసేస్తారు. ఆ ప్రోగ్రాము రాసిన కంపెనీ మూతపడి ఉండొచ్చు. రాసిన మనిషి ఎక్కడున్నాడో తెలియకపోవచ్చు. కొనుక్కున్నవాళ్లు మాత్రం రోజూ దాన్నే వాడుతుంటారు. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ మారి అది ఆగిపోతే వాళ్లు తిట్టుకునేది పాత ప్రోగ్రామును కాదు, కొత్త విండోస్‌నే!

ఈ సంగతి మైక్రోసాఫ్ట్‌కు బాగా తెలుసు. అందుకే...

బండి నిండా సాఫ్ట్‌వేర్‌!

1995 ఆగస్టు 24. విండోస్‌ 95 విడుదలైన రోజు. ఈ రోజు మనం చూస్తున్న కంప్యూటర్‌ తెరకు తాతలాంటిది అదే. అంతకుముందున్న విండోస్‌ 3.1లో 'ప్రోగ్రామ్‌ మేనేజర్‌' అనే కిటికీలో గుంపులు గుంపులుగా బొమ్మలుండేవి. అందులో వెతుక్కుని నొక్కాలి. విండోస్‌ 95 ఆ ముఖాన్నే మార్చేసింది. తెర కింద ఓ పట్టీ, ఎడమ మూల స్టార్ట్‌ బటన్‌ వచ్చాయి.

బయటికి కనిపించింది ఇదే. లోపల జరిగిన కథ వేరు. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి విండోస్‌ మీద పనిచేసిన ఇంజినీరు రేమండ్‌ చెన్‌ ఆ కథను తర్వాత రాశారు. విండోస్‌ 95 తయారీని చూసే మేనేజరు ఒకరోజు తన పికప్‌ ట్రక్కు వేసుకుని దగ్గర్లోని ఎగ్‌హెడ్‌ సాఫ్ట్‌వేర్‌ దుకాణానికి వెళ్లారు. అక్కడున్న పీసీ ప్రోగ్రాములన్నీ ఒక్కో కాపీ చొప్పున కొనేశారు! తెచ్చి ఆఫీసు క్యాంటీన్లో బల్లల మీద పరిచారు. బృందంలో ప్రతి ఒక్కరినీ పిలిచి, వాటిలో రెండింటి దాకా దత్తత తీసుకోమన్నారు. వాటిని ఇన్‌స్టాల్‌ చెయ్యాలి. మామూలు మనుషులు వాడినట్టే వాడాలి. ఎక్కడ తేడా వచ్చినా, అది ఎంత చిన్నదైనా, రాసి ఇవ్వాలి. ఆ ప్రోగ్రాము విండోస్‌ 95లో నడిచేలా చూసే బాధ్యత వాళ్లదే. పనంతా అయ్యాక ఆ ప్రోగ్రామును ఇంటికి తీసుకెళ్లొచ్చు. అదే బహుమానం!

ఇల్లు కట్టినవాళ్లు, అందులోకి వచ్చేవాళ్ల సామాన్లు గుమ్మంలో పడతాయో లేదో ముందే కొలిచి చూసుకోవడం లాంటిది ఇది.

నూరు అబద్ధాలు... ఒక పెళ్లి

నూరు అబద్ధాలాడైనా ఓ పెళ్లి చేయమన్నారు పెద్దలు. కొత్త తెరకూ పాత ప్రోగ్రాముకూ ముడిపెట్టడానికి ఇంజినీర్లు ఆడిన అబద్ధాలు కూడా తక్కువేం కాదు.

మొదటిది వయసు దగ్గర. పాత ప్రోగ్రాములు తెరుచుకోగానే 'నువ్వు ఎన్నో నంబరు విండోస్‌వి?' అని అడుగుతాయి. 3.1, అంటే వాటి లెక్కలో 3.10 లేదా అంతకన్నా పైది అయితేనే నడుస్తాయి. ఇందులో తిరకాసు ఏమిటంటే, చాలామంది ఆ లెక్కను తప్పుగా రాశారు. ముందు అంకె కనీసం 3 ఉందా, వెనక అంకె కనీసం 10 ఉందా అని విడివిడిగా చూశారు. విండోస్‌ 95 అసలు నంబరు 4.0. ముందున్న నాలుగు బాగానే ఉంది. కానీ వెనకున్న సున్నా పది కన్నా తక్కువ కదా! 'నువ్వు మరీ పాతదానివి' అని ప్రోగ్రాము మొరాయిస్తుంది. అందుకే పాత ప్రోగ్రాములు అడిగితే విండోస్‌ 95 తన నంబరు 3.95 అని చెప్పేది. 2009లో వచ్చిన విండోస్‌ 7 లోపలి నంబరు కూడా ఏడు కాదు, 6.1. విండోస్‌ 11 లోపల ఇప్పటికీ 10.0 అనే రాసి ఉంటుంది. కారణం ఇలాంటి భయమే.

రెండోది పేరు దగ్గర. పాతకాలం ప్రోగ్రాములు ఇన్‌స్టాల్‌ అయ్యేటప్పుడు ప్రోగ్రామ్‌ మేనేజర్‌ను పేరు పెట్టి పిలిచి, 'నా బొమ్మ కూడా పెట్టు' అని అడిగేవి. విండోస్‌ 95లో ఆ పెద్దమనిషి గద్దె దిగిపోయాడు. పిలిస్తే పలికేదెవరు? కొత్తగా వచ్చిన ఎక్స్‌ప్లోరరే ఆ పేరుకు పలికి, బొమ్మను స్టార్ట్‌ మెనూలో పెట్టేది. చిత్రమేమిటంటే ఆ పేరు ఇంకా పోలేదు. విండోస్‌ 11 తెర వెనక్కి వెళ్లి చూస్తే, డెస్క్‌టాప్‌ కిటికీకి లోపల రాసి ఉన్న పేరు ఇప్పటికీ 'ప్రోగ్‌మ్యాన్‌'. అంటే ప్రోగ్రామ్‌ మేనేజర్‌ ముద్దుపేరే!

మూడోది మరీ విడ్డూరం. 'సిమ్‌సిటీ' అని నగరాలు కట్టే ఆట ఒకటుండేది. దాన్ని విండోస్‌కు తగ్గట్టు రాసిన జాన్‌ రాస్‌ ఓ పొరపాటు చేశారు. ఇక అక్కర్లేదని తిరిగి ఇచ్చేసిన మెమరీనే ఆట మళ్లీ చదివేది. గది ఖాళీ చేసి, తాళం అప్పగించాక, మర్చిపోయిన సంచి కోసం మళ్లీ అదే గదిలోకి వెళ్లడం లాంటిదన్నమాట. పాత విండోస్‌లో ఆ గది వెంటనే ఇంకొకరికి ఇచ్చేవాళ్లు కాదు కాబట్టి నడిచిపోయింది. విండోస్‌ 95లో అలా కుదరదు. పరీక్షల్లో ఆట కుప్పకూలింది. తప్పు ఆటదే. అయినా ఇంజినీర్లు ఏం చేశారో తెలుసా? నడుస్తున్నది సిమ్‌సిటీయేనా అని విండోస్‌ కనిపెట్టేలా రాశారు. అదే అయితే గది తొందరగా ఖాళీ చేయించకుండా ఏర్పాటు చేశారు! ఒకప్పుడు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన జోయెల్‌ స్పోల్‌స్కీ ఈ సంగతి రాశాక ప్రపంచానికంతటికీ తెలిసింది.

ఎవరి తప్పుకు ఎవరు దిద్దుబాటు చేసినట్టు? ఆట కొన్నవాడికి ఆ గొడవంతా అనవసరం. నిన్న నడిచింది, ఈరోజూ నడవాలి. అంతే.

సగం కొత్త... సగం పాత

2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీ మీకు గుర్తుండే ఉంటుంది. నీలం రంగు కిటికీలు, పచ్చిక బయలు బొమ్మ. అప్పట్లో ఒక వింత గమనించారా? పాత ప్రోగ్రాము తెరిస్తే పైన పట్టీ నీలంగా మెరిసేది. లోపల బటన్లు మాత్రం పాత బూడిద రంగులోనే ఉండేవి. కొత్త పట్టుచీర మీద పాత రవిక వేసుకున్నట్టు!

అది మతిమరుపు కాదు, కావాలని చేసిందే. పైన పట్టీ విండోస్‌ సొంతం. దానికి రంగు మార్చినా పెద్దగా ఇబ్బంది లేదు. లోపలి బటన్లు అలా కాదు. పాత ప్రోగ్రాము వాటి కొలతలు లెక్కేసుకుని ఉండొచ్చు, వాటి పనితీరులో వేలు పెట్టి ఉండొచ్చు. అడక్కుండా మారిస్తే ఏం విరుగుతుందో ఎవరికి తెలుసు? అందుకే 'నాకు కొత్త బటన్లు కావాలి' అని చెప్పే ఓ చిన్న చీటీ వెంట తెచ్చుకున్న ప్రోగ్రాములకే ఎక్స్‌పీ కొత్తవి ఇచ్చేది. చీటీ లేనివాటికి పాతవే. అందం తగ్గితే తగ్గింది, పని ఆగకపోతే చాలన్నది వాళ్ల లెక్క.

2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా ఈ పద్ధతిని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. తెరల మీద చుక్కలు చిక్కబడేకొద్దీ పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు చీమల్లా కనిపించే ప్రమాదం వచ్చింది. కొత్త తెరల సంగతి తెలియని ప్రోగ్రాములకు విస్టా మళ్లీ అబద్ధమే చెప్పింది. 'నువ్వున్నది పాత తెర మీదేలే' అని నమ్మించి, అది గీసిన బొమ్మను పెద్దది చేసి చూపించింది. ఇప్పటికీ కొన్ని పాత ప్రోగ్రాములు కొత్త ల్యాప్‌టాప్‌లో మసకమసగ్గా కనిపించడానికి కారణం ఇదే. కళ్లజోడు మార్చుకోనక్కర్లేదు... తప్పు మీ కళ్లది కాదు!

ప్రోగ్రాములు నడిచాయి... మనుషులు ఆగారు!

ఇంత అనుభవం ఉన్న కంపెనీ కూడా ఒకసారి తడబడింది. 2012 అక్టోబరులో విండోస్‌ 8 వచ్చింది. అప్పటికి ట్యాబ్లెట్ల మోజు మొదలైంది. వేలితో నొక్కడానికి వీలుగా తెర నిండా రంగురంగుల పలకలు పరిచారు. పదిహేడేళ్లుగా మూలన ఉన్న స్టార్ట్‌ బటన్‌ తీసేశారు.

పాత ప్రోగ్రాములు దాదాపు అన్నీ నడిచాయి. వాటికోసం 'డెస్క్‌టాప్‌' అని ఓ పలక కూడా ఇచ్చారు. కానీ వాడేవాళ్లకు దిక్కు తోచలేదు. కంప్యూటర్‌ ఆపడం ఎలాగో కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి చెబుతుంది. ఎవరో వచ్చి అన్నీ సర్దేసి, 'ఇప్పుడెంత బాగుందో చూడండి' అంటే ఎలా ఉంటుంది? మనుషుల అలవాటు కూడా లెగసీయేనన్న సంగతి కంపెనీకి అప్పుడు తెలిసొచ్చింది. ఏడాది తిరిగేసరికి 2013 అక్టోబరులో 8.1తో బటన్‌ తిరిగొచ్చింది. అసలు మెనూ మాత్రం 2015 జులైలో విండోస్‌ 10తో వచ్చింది. అప్పటికి కంపెనీ పగ్గాలు మన హైదరాబాదీ సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. 2014 ఫిబ్రవరిలో ఆయన సీఈఓ అయ్యారు.

అదే 2012లో ఇంకో పాఠం కూడా ఉంది. విండోస్‌ 8తో పాటే 'విండోస్‌ ఆర్‌టీ' అని దాని కవల లాంటిది వచ్చింది. తేలికపాటి ట్యాబ్లెట్ల కోసం చేసింది. అదే ముఖం, అవే పలకలు, అదే డెస్క్‌టాప్‌. తేడా ఒక్కటే... జనం దగ్గరున్న పాత విండోస్‌ ప్రోగ్రాములను అందులో వేసుకోవడానికి వీల్లేదు! కొన్నవాళ్లు తెల్లబోయారు. కొననివాళ్లు తప్పించుకున్నామనుకున్నారు. ఆ ట్యాబ్లెట్ల సరుకు మీద 2013లో మైక్రోసాఫ్ట్‌ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకోవాల్సి వచ్చింది. జనం విండోస్‌ కొనేది దాని ముఖం చూసి కాదు, అందులో తమ ప్రోగ్రాములు నడుస్తాయని అన్నమాట!

2021లో విండోస్‌ 11 వచ్చేసరికి కంపెనీ ఒళ్లు దగ్గర పెట్టుకుంది. అందులో ఏదైనా ఫైలు మీద మౌసు కుడి బటన్‌ నొక్కి చూడండి. చిన్న, పొందికైన కొత్త మెనూ వస్తుంది. దాని అడుగున 'మరిన్ని చూపించు' అనే వరస ఉంటుంది. అది నొక్కితే చాంతాడంత పాత మెనూ ప్రత్యక్షం! ఎన్నో పాత ప్రోగ్రాములు తమ ఆదేశాలను అక్కడే పెట్టుకున్నాయి మరి. కంట్రోల్‌ ప్యానెల్‌ సంగతీ అంతే. 1985 నాటి మొదటి విండోస్‌లోనే అది ఉంది. 2012 నుంచీ దాని పనులు ఒక్కొక్కటే 'సెట్టింగ్స్‌'కు బదిలీ అవుతున్నాయి. అయినా విండోస్‌ 11లో వెతికితే పాతది ఓ మూల కూర్చునే ఉంటుంది... వీధి అరుగు మీద తాతగారిలా!

యాపిల్‌ దారి వేరు

ఇదే పనిని యాపిల్‌ ఇంకోలా చేసింది. 2001లో మ్యాక్‌ ఓఎస్‌ టెన్‌ వచ్చినప్పుడు తెర రూపమే కాదు, పునాదులే మారిపోయాయి. పాత ప్రోగ్రాముల కోసం 'క్లాసిక్‌' అని లోపలే ఓ గది కట్టారు. అందులో పాత మ్యాక్‌ మొత్తం నడుస్తుంది. ప్రోగ్రాము పాత వేషంలోనే తెరుచుకుంటుంది. అయితే ఆ గది శాశ్వతం కాదని యాపిల్‌ మొహమాటం లేకుండా చెప్పేసింది. 2002లో ప్రోగ్రామర్ల సమావేశంలో స్టీవ్‌ జాబ్స్‌ ఏకంగా వేదిక మీదికి శవపేటిక తెప్పించి, పాత ఓఎస్‌ 9కి అంత్యక్రియలు చేశారు! 2007లో వచ్చిన 'లెపర్డ్‌'తో క్లాసిక్‌ గది మూతపడింది. 2019లో 'కాటలీనా' వచ్చి 32 బిట్‌ ప్రోగ్రాములన్నిటికీ ఒకేసారి తలుపు మూసేసింది. 2020లో సొంత చిప్‌లకు మారినప్పుడు మాత్రం 'రొసెట్టా 2' అనే దుబాసీని పెట్టి, ఇంటెల్‌ ప్రోగ్రాములను నడిపించింది.

గడువు చెప్పి ఇల్లు ఖాళీ చేయించడం యాపిల్‌ పద్ధతి. పాత కాపురాన్ని అలాగే ఉంచి పైన అంతస్తు వేయడం మైక్రోసాఫ్ట్‌ పద్ధతి. మొదటిదాంట్లో ఇల్లు శుభ్రంగా ఉంటుంది, కొందరు రోడ్డున పడతారు. రెండోదాంట్లో ఎవరూ రోడ్డున పడరు, ఇల్లు ఇరుకవుతుంది. ఏది మంచిదో చెప్పడం అంత తేలిక కాదు.

పాతదంతా మంచిదేనా?

కాదు. పాతదాన్ని మోసేందుకు ఖరీదు కట్టాలి. 2017 మే నెలలో 'వానాక్రై' అనే వైరస్‌ ప్రపంచాన్ని వణికించింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన సందు ఏమిటో తెలుసా? ఫైళ్లు పంచుకోవడానికి పాతకాలం నుంచీ ఉన్న ఓ పద్ధతి. పాత యంత్రాల కోసం ఇంకా తెరిచే ఉంచిన దొడ్డిదారి! ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌ 8తోనే మద్దతు ఆపేసిన మైక్రోసాఫ్ట్‌, ఆ గండం చూసి దానికి కూడా అప్పటికప్పుడు మందు విడుదల చేసింది.

అందుకే ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. విండోస్‌ 3.1 నాటి 16 బిట్‌ ప్రోగ్రాములు 64 బిట్‌ విండోస్‌లో నడవవు. విండోస్‌ 11లో ఇక 64 బిట్‌ తప్ప వేరేది లేదు. అంటే వాటికి నేరుగా దారి మూసుకుపోయినట్టే.

మన తెలుగు మాటేమిటి?

మళ్లీ డీటీపీ సెంటర్‌కు వద్దాం. అక్కడ చిక్కు ప్రోగ్రాముతో ఆగదు, అక్షరాల దాకా వెళ్తుంది. కంప్యూటర్‌కు తెలుగు తెలియని రోజుల్లో మనవాళ్లు ఓ కిటుకు కనిపెట్టారు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చారు. కంప్యూటర్‌ అది ఇంగ్లిషే అనుకుంటుంది. మన కంటికి 'అ'గానో 'క'గానో కనిపిస్తుంది. ఇదీ ఒకరకం అబద్ధమే! అను లాంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో లెక్కలేనన్ని పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు అచ్చయ్యాయి.

ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే? తెలుగు మాయమై, ఇంగ్లిషు ముక్కలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. 1991లో మొదలైన యూనికోడ్‌లో తెలుగుకు సొంత గళ్లున్నాయి. 2001లో ఎక్స్‌పీతో 'గౌతమి' ఫాంటు విండోస్‌లోకే వచ్చేసింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్‌ తెలియదు. 2001లో వచ్చిన 7.0తో దాని వంశం ఆగిపోయింది. ఆ వేదికను వదిలితే పాత మేటర్‌ అందదు, పట్టుకుని కూర్చుంటే కొత్త ప్రపంచం అందదు. మన పల్లెల చరిత్రలు, గుడి కరపత్రాలు, చిన్నచిన్న రచయితల పుస్తకాలు ఎన్ని ఇలా పాత హార్డ్‌డిస్కుల్లో ఉండిపోయాయో! ఆ కంప్యూటర్‌ పాడైన రోజున ఆ తెలుగూ పోతుంది.

పాత ప్రోగ్రాములను బతికించడం మనకు కొత్త విద్యేం కాదు. వైటూకే రోజుల్లో ఎక్కడెక్కడి పాత ప్రోగ్రాములనో బాగుచేయడానికి మన కుర్రాళ్లెందరో అమెరికా విమానం ఎక్కారు. ఇప్పుడు మన ఇంటి పాత ఫైళ్ల వంతు!

మీ దగ్గరా పాత ప్రోగ్రాము ఉందా?

* 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కి మామూలు మద్దతు ముగిసింది. కొత్తదానికి మారే ముందు మీరు రోజూ వాడే ప్రోగ్రాముల జాబితా రాసుకోండి. వేరే కంప్యూటర్లో అవి నడుస్తున్నాయో లేదో చూశాకే మారండి. సీజన్‌ మధ్యలో మాత్రం మారొద్దు.

* పాత ప్రోగ్రాము సీడీ, దాని తాళం నంబరు, ఫాంట్లు జాగ్రత్త చేయండి. సీడీ అరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి.

* ప్రోగ్రాము మొరాయిస్తే దాని బొమ్మ మీద మౌసు కుడి బటన్‌ నొక్కి, 'ప్రాపర్టీస్‌'లో 'కంపాటిబిలిటీ' తెరవండి. పాత విండోస్‌లో ఉన్నట్టు దాన్ని నమ్మించే ఏర్పాటు అందులో ఉంది. మసగ్గా కనిపిస్తున్నా మందు అక్కడే వెతకాలి.

* అదీ కుదరకపోతే వర్చువల్‌ మెషీన్‌. కొత్త కంప్యూటర్‌ లోపలే పాత విండోస్‌ను ఓ గదిలో పెట్టి నడపడం. తెలిసినవాళ్ల సాయం తీసుకోండి.

* ఎక్స్‌పీ కంప్యూటర్‌ వాడక తప్పకపోతే దానికి ఇంటర్నెట్‌ తీసేయండి. బ్యాంకు పనులు దాంట్లో అస్సలు వద్దు.

* పాత తెలుగు ఫైళ్లను ముందు పీడీఎఫ్‌గా దాచండి. తర్వాత తీరిగ్గా యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. మార్చాక వత్తులూ దీర్ఘాలూ ఓసారి ప్రూఫ్‌ చూడటం మర్చిపోవద్దు.

* కాపీ ఒక్కచోటే ఉంటే లేనట్టే లెక్క. రెండు చోట్ల ఉంచండి.

చీకటి పడింది. డీటీపీ సెంటర్లో ప్రింటర్‌ శుభలేఖ ప్రూఫ్‌ బయటకు తోసింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, వియ్యంకుడి ఇంటిపేరు దగ్గర వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ కార్డు పాత కంప్యూటర్లో తయారైందో కొత్తదాంట్లో తయారైందో ఆయనకు పట్టలేదు. పట్టనక్కర్లేదు కూడా.

ఆ కుర్రాడు మాత్రం పెళ్లిళ్లు తగ్గాక, ఆషాఢంలో కొత్త కంప్యూటర్‌కు మారాలని అనుకుంటున్నాడు. ఈలోగా రోజుకు పది ఫైళ్ల చొప్పున మారుస్తున్నాడు. అదే తెలివైన పని. ఎందుకంటే ముహూర్తం ఏ అప్‌డేట్‌ కోసమూ ఆగదు కదా!